జెనాన్ కిట్ వేయమని అడిగే మన తెలుగు కారు ఓనర్లకు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ బహిరంగ లేఖ

బెంగళూరులో ఉంటూ సెలవులకి సొంత కారులో ఊరెళ్లొచ్చే తెలుగువాళ్లందరికీ,

నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, దసరా, ఏదైనా సరే. వరసగా మూడు రోజులు సెలవులు కలిసొస్తున్నాయంటే చాలు, కె.ఆర్. పురం వైపు మాలాంటి వాళ్ల షాపుల దగ్గర ఒకటే మాట. "అన్నా, లైట్లు ఏమాత్రం సరిపోవడం లేదు. హెచ్‌ఐడీ వేసెయ్." హెచ్‌ఐడీ అన్నా జెనాన్ కిట్ అన్నా ఒకటే. కొందరైతే ఆన్‌లైన్లో కిట్ కొనుక్కునే వస్తారు. డబ్బాలో రెండు బల్బులు, రెండు బ్యాలస్టులు (బల్బుకి కావాల్సిన వోల్టేజీ ఇచ్చే పెట్టెలు), ఒక వైరింగు, డబ్బా మీద 6,000 కెల్విన్ అని పెద్దక్షరాలు. బిగించడానికి ఎంత తీసుకుంటావన్నదే వాళ్ల ప్రశ్న. నేను బిగించనంటే మొహం మాడ్చుకుని పక్క షాపుకి పోతారు. అక్కడ గంటలోపే పనైపోతుంది.

ఎందుకు బిగించనో షాపు ముందు నిలబడి, వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటే, వివరంగా చెప్పడం కుదరదు. అందుకే ఈ లేఖ.

మీ ఫిర్యాదు నిజమే. బెంగళూరు ఊళ్లో ఉన్నంతసేపూ హెడ్‌లైటు వేశామో లేదో కూడా తెలీదు, వీధి దీపాలూ షాపుల వెలుగూ సరిపోతాయి. చింతామణి దాటి మదనపల్లె వైపు పోతున్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. డివైడర్ లేని చోట ఎదురుగా టమోటా లోడు బండ్లు, రోడ్డంచున వెనక ఎర్ర లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, చీకట్లో కలిసిపోయే ఎనుములు. పలమనేరు అవతల మొగిలి ఘాట్ సంగతి చిత్తూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అనంతపురం, కర్నూలు వైపు పోయే హైదరాబాద్ హైవే కొంత నయం. మధ్యలో పెంచిన మొక్కలు ఎదురు లైట్లని చాలావరకు ఆపుతాయి. అవి ఎండిపోయిన చోట మళ్లీ అదే బాధ. ఇలాంటి దార్లో కంపెనీ ఇచ్చిన హాలోజన్ లైటు మసగ్గా అనిపిస్తే తప్పు మీ కళ్లది కాదు. దానికి మందు ఆ కిట్టే అనుకుంటున్నారు చూడండి, అక్కడే నాకూ మీకూ తేడా.

మన దగ్గర చాలా కార్లలో ఉండేది హెచ్4 బల్బు. ఎవరైనా అడిగితే కాలిపోయిన పాత బల్బు ఒకటి చేతిలో పెట్టి చూపిస్తాను. గాజు లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి బ్రైట్‌కి, ఒకటి డిమ్‌కి. డిమ్ ఫిలమెంట్ కింద గోరంత రేకు ఒకటి దొన్నెలా వంచి పెట్టి ఉంటుంది. మొత్తం కిటుకంతా ఆ రేకులోనే ఉంది. డిమ్ వేసినప్పుడు కిందికి పోయే వెలుగుని అది అడ్డుకుంటుంది. కాబట్టి డూమ్‌లో, అంటే బల్బు కూర్చునే హెడ్‌లైటు గూడులో, పై సగం రిఫ్లెక్టరుకే వెలుగు తగులుతుంది, అక్కణ్ణించి కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. ఆ రేకు ఒక అంచుని కొంచెం ఏటవాలుగా కోసి ఉంటారు. మనం ఎడమ వైపు నడిపేవాళ్లం కాబట్టి, ఆ కోత వల్ల వెలుగు ఎడమ పక్క కాస్త పైకి లేచి రోడ్డంచున నడిచేవాళ్లని, మైలురాళ్లని చూపిస్తుంది. కుడి పక్క మాత్రం ఎదురొచ్చేవాడి కళ్లకి కిందే ఆగిపోతుంది. ఫిలమెంట్ ఒక మిల్లీమీటరు జరిగినా ఈ లెక్కంతా చెడుతుంది. డూమ్ తయారుచేసినవాళ్లు రిఫ్లెక్టరులో ప్రతి వంపునీ ఆ సన్నని ఫిలమెంటు అక్కడే ఉంటుందన్న నమ్మకం మీద గీశారు.

జెనాన్ బల్బులో ఫిలమెంటే ఉండదు. చిన్న క్వార్ట్జ్ గుళికలో జెనాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు నింపి, రెండు ఎలక్ట్రోడుల మధ్య మెరుపు పుట్టిస్తారు. ఆ మెరుపు అంటుకోవడానికి బ్యాలస్టు మొదట 20,000 వోల్టులకి పైగా ఒక దెబ్బ కొడుతుంది, తర్వాత వంద లోపు వోల్టులతో నడిపిస్తుంది. వెలిగే భాగం ఫిలమెంటులా ఒకే తీరుగా ఉండదు. మధ్యలో పైకి వంగి, రెండు కొసల్లో బాగా మండుతూ ఉంటుంది. కిట్‌లో బ్రైట్, డిమ్ రెండూ కావాలంటే గుళికనే అయస్కాంతంతో ముందుకీ వెనక్కీ జరుపుతారు. కొన్నిటికి రేకు తొడుగు ఉంటుంది గానీ, ఆ గోరంత రేకు చేసే పని అది చేయలేదు. అంటే మీ డూమ్ ఎదురుచూస్తున్న చోట, ఎదురుచూస్తున్న ఆకారంలో వెలుగు ఉండదు. పైగా వెలుగు మాత్రం బోలెడంత. హెచ్4 డిమ్ ఫిలమెంటు ఇచ్చేది సుమారు 1,000 ల్యూమెన్లు (వెలుగుని కొలిచే లెక్క). కంపెనీ కార్లలో వచ్చే డీ2ఎస్ జెనాన్ బల్బు 35 వాట్లకే 3,200 ఇస్తుంది. కిట్ బల్బు అంత ఇవ్వకపోయినా హాలోజన్ కన్నా చాలా ఎక్కువే. డ్రిప్పు పైపుకి ఐదు హెచ్‌పీ మోటారు నేరుగా తగిలిస్తే ఏమవుతుందో మన రైతుబిడ్డలకి తెలుసు. నీళ్లు చెట్టు మొదట్లో తప్ప మిగతా అన్ని చోట్లా పడతాయి.

"మరి వేసుకున్నవాళ్లంతా సూపర్ అంటున్నారే" అని అడుగుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కిట్ వేశాక బానెట్ ముందు పది, ఇరవై మీటర్ల రోడ్డు పట్టపగల్లా తెల్లగా కనిపిస్తుంది. కంటికి తృప్తిగా ఉంటుంది. కానీ దగ్గర్లో అంత వెలుగుంటే కంటిపాప చిన్నదవుతుంది, దూరాన ఉన్న చీకటి ఇంకా చీకటవుతుంది. మీకు కావాల్సింది వంద మీటర్ల అవతల ట్రాలీ ఉందా లేదా అన్నది. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. దగ్గరి నేలని ఎంత బాగా చూసినా అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు. కిట్ అమ్మకాలన్నీ నిలబడింది ఈ కంటి భ్రమ మీదేనని నా అభిప్రాయం.

కెల్విన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది వెలుగు ఎంతన్నది చెప్పదు, రంగు చెబుతుంది. కంపెనీ జెనాన్ 4,300 కెల్విన్ దగ్గర ఉంటుంది. 6,000 ఇంకా తెలుపు, 8,000 నీలం. అంకె పెరిగేకొద్దీ వచ్చే వెలుగు తగ్గుతుంది, ఎదుటివాడి కంటికి గుచ్చుకోవడం మాత్రం పెరుగుతుంది. ఎక్కువ అంకె ఉన్నది ఎక్కువ పవర్ అనుకుని డబ్బులు పోసి కొనేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఎదుటివాడి మాటొచ్చింది కాబట్టి. ఎదురుగా టూవీలర్ మీద వచ్చేవాడికి రెండే రెండు సెకన్లు కళ్లు బైర్లు కమ్మాయనుకోండి, 50 వేగంలో ఉన్నా దాదాపు 28 మీటర్లు గుడ్డిగా పోతాడు. వయసు మీరినవాళ్లకి, శుక్లాలున్నవాళ్లకి చూపు మళ్లీ కుదుటపడటానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఆ రోడ్ల మీద రాత్రి ఎదురొచ్చేది ఎవరు? మన ఊళ్లవాళ్లే. పాలు పోసి వచ్చేవాళ్లు, మార్కెట్టుకి పోయేవాళ్లు, మన పెదనాన్నలు, మేనమామలు.

"ఎదురొచ్చేవాళ్లంతా వేసుకున్నారు, నేను వేసుకోకపోతే నాకే కనపడదు." రోజూ వినే మాట ఇది. ఎదుటి వెలుగు మీ కంట్లో పడినప్పుడు మీ కారు లైటు పెంచితే ఆ వెలుగు తగ్గదు. ఆ సమయంలో పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ముందద్దం లోపలి వైపు శుభ్రంగా తుడవండి. ఆ లోపలి జిడ్డుపొర మీదే ఎదురు లైటు పగిలి అద్దమంతా పరుచుకుంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఎదురుబండి వస్తున్నప్పుడు దాని లైట్ల వైపు చూడకుండా ఎడమ అంచున ఉన్న తెల్లగీతని పట్టుకుని పోండి, కాలు కాస్త యాక్సిలరేటరు మీంచి తీయండి.

ఇక నా మాట నమ్మకుండా మీరే చూసుకునే దారి చెబుతాను. మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంటులో ఒక తెల్లగోడ చూసుకోండి. నేల చదునుగా ఉండాలి, ట్యూబులైట్లు ఆపించండి. గోడకి మీటరు దూరంలో కారు పెట్టి డిమ్ వేసి, వెలుగు ఆగిపోయే గీత ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కారుని నేరుగా 10 మీటర్లు వెనక్కి తీసుకెళ్లండి. గీత మొదటి గుర్తు కన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి దిగాలి, ఎడమ పక్క మాత్రం ఏటవాలుగా పైకి లేవాలి. గీత పైన గోడ దాదాపు చీకటిగా ఉండాలి. హాలోజన్ ఉన్న కారుకి ఇలా కనిపిస్తుంది. ఇప్పుడు కిట్ వేయించుకున్న మీ స్నేహితుడి కారు తెచ్చి అదే చోట పెట్టండి. గీత కోసం వెతుక్కోవాలి. గోడ మీద అక్కడక్కడా తెల్లటి మరకలు, నల్లటి చారలు, పైన సీలింగుకి వేలాడే స్ప్రింక్లర్ పైపుల దాకా వెలుగు. ఆ పైపుల మీద పడ్డ వెలుగంతా రోడ్డు మీద ఎవరి మొహం మీద పడుతుందో ఆలోచించండి.

ఇంకొక్క పని. డిమ్ అలాగే ఉంచి, లైటుకి 8 మీటర్ల ముందు, కారు కుడి అంచు నుంచి అర మీటరు పక్కకి ఇంట్లోవాళ్లని ఎవరినైనా నిలబెట్టండి. కన్ను నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉండాలి. అక్కడ నిలబడ్డవాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుంటే మీ లైటు తప్పినట్టే. ఈ కొలతలు నేను కల్పించినవి కావు, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం చెప్పేవి.

చట్టం మాట ఎత్తాను కాబట్టి అదీ క్లుప్తంగా. కంపెనీ ఇచ్చిన దాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణలో చేరిన 182ఏ ప్రకారం అలా మార్పించిన ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదంటే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2024 జులైలో కర్ణాటక పోలీసులు కళ్లు చెదిరే లైట్ల మీద ప్రత్యేకంగా కేసులు కూడా రాశారు. రోడ్డు మీద దొరికేది మీరే, అమ్మినవాడు కాదు.

మరి కంపెనీ నుంచే జెనాన్ వచ్చిన కార్ల సంగతేమిటి? 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలైన ఆ లైట్లు నిజంగానే గొప్పవి. వాటి డూము ఆ బల్బు కోసమే పుట్టింది. ప్రొజెక్టరు రకం డూమ్‌లో గుండ్రటి లెన్సు వెనక ఒక రేకు అడ్డుపెట్టి గీతని కత్తితో కోసినట్టు తెస్తారు, రిఫ్లెక్టరులో వాడే జెనాన్ బల్బుకైతే గాజు మీదే నల్లరంగు పట్టీలు వేస్తారు. అంతటితో ఆగలేదు. యూరప్ దేశాలు పాటించే నిబంధనల్లో, డిమ్‌లో 2,000 ల్యూమెన్లు దాటిన బల్బు ఉంటే రెండు అదనపు ఏర్పాట్లు అడుగుతారు. ఒకటి, డిక్కీలో బరువు పెరిగి కారు ముక్కు పైకి లేస్తే లైటుని దానంతటదే కిందికి దించే ఏర్పాటు. రెండు, డూమ్ అద్దం మీది మురికిని కడిగే వాషరు. అంత వెలుగుని చిన్న మురికి కూడా చెల్లాచెదురు చేస్తుంది కాబట్టి. మనం ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు డిక్కీలో రెండు బియ్యం మూటలు, పచ్చళ్ల జాడీలు, వెనక సీట్లో ముగ్గురు. ముక్కు ఎంత లేస్తుందో మీకు తెలుసు. కిట్ కొన్నవాడికి ఆ రెండిట్లో ఒక్కటీ రాదు.

ప్రొజెక్టరులో హాలోజన్ బల్బు ఉండే కార్లున్నవాళ్లు "మాకు గీత ఉందిగా" అంటారు. నిజమే, వాళ్లకి గీత చెరగదు, ఆ మేరకు రిఫ్లెక్టరు కన్నా నయం. గీత కింద వెలుగు ఎలా పంచుకోవాలన్న లెక్క మాత్రం వాళ్లకీ చెడుతుంది, బండి బరువెక్కి గీత పైకి లేచినప్పుడు ఎదుటివాడికి మూడింతల దెబ్బ. ఈ మధ్య అందరూ ఎగబడుతున్న ఎల్‌ఈడీ బల్బులకీ నా జవాబు ఇదే. వెలిగే వస్తువు మారింది, డూమ్ అదే.

కిట్ వల్ల కారుకి జరిగేదీ కొంచెం చెప్పాలి. వైర్లు బయటికి తీయడానికి డూమ్ వెనక రబ్బరు మూతకి రంధ్రం వేస్తారు. రెండు వానాకాలాలు గడిచాక లోపల చెమ్మ, అద్దానికి ఆవిరి, రిఫ్లెక్టరు పూత నల్లబడటం మొదలవుతుంది. చవక బ్యాలస్టు వేస్తే ఎఫ్‌ఎం రేడియోలో గుయ్‌మని మోత. కొత్త కార్లలో కంప్యూటరు బల్బు పోయిందనుకుని డ్యాష్‌బోర్డు మీద గుర్తు వెలిగిస్తుంది. వైరింగు కోశారంటే వారంటీ మీద ఆశ వదులుకోవచ్చు.

అయితే మరి వెలుగు ఎలా పెరగాలి? నేను ముందుగా చేసేది మల్టీమీటరు తీయడం. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులు ఉంటాయి. డిమ్ వేసి, బల్బు హోల్డరు వెనక పిన్నుల దగ్గర చూస్తే పాత కార్లలో 12 కూడా రాదు. రెండు బల్బులకీ కలిపి తొమ్మిది ఆంపియర్లకి పైగా కరెంటు స్టీరింగు పక్క స్విచ్చులోంచి, సన్నని వైర్లలోంచి, తుప్పు పట్టిన ఎర్తులోంచి రావాలి. దార్లోనే సగం ప్రాణం పోతుంది. హాలోజన్‌కి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అంటే మీ కారుకున్న లైటుని మీరు ఇంతవరకు పూర్తిగా చూడనే లేదు. అలాంటి కారుకి మందపాటి వైర్లతో ఫ్యూజులున్న రిలే వైరింగు (స్టీరింగు స్విచ్చు సైగ చేస్తే చాలు, బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు వదిలేది) వేసి, ఎర్త్ గీకి మళ్లీ బిగిస్తే, అదే 60/55 వాట్ల (బ్రైట్‌కి 60, డిమ్‌కి 55) బల్బు లేచి నిలబడుతుంది. కంపెనీ సాకెట్టుకే తగిలే వైరింగు దొరుకుతుంది, ఒక్క వైరు కోయక్కర్లేదు. లైట్లని కంప్యూటరు నడిపే కొత్త కార్లకి ఇది వద్దు, వారంటీలో ఉంటే సర్వీసు సెంటరులోనే చూపించండి. 100/90 వాట్ల బల్బులు కూడా వద్దు, హోల్డరు కరిగి అతుక్కుపోయిన డూములు నా దగ్గర కుప్పగా ఉన్నాయి.

తర్వాత డూమ్ అద్దం. నీడలేని పార్కింగులో ఏళ్ల తరబడి ఎండిన కారుకి ఆ ప్లాస్టిక్ పసుపెక్కిపోతుంది. సన్నని వాటర్ పేపరుతో రుద్ది పాలిష్ చేస్తే తేడా మీకే కనిపిస్తుంది. పైన యూవీ పూత వేయించడం మరిచిపోకండి, లేకుంటే కొన్ని నెలల్లో మళ్లీ పసుపే. పాత బల్బులుంటే రెండూ ఒకేసారి మార్చండి. నీలంపూత ఉన్నవి తీసుకోకండి, ఆ పూత వెలుగుని మింగేస్తుంది. చివర్లో గోడ దగ్గర ఫోకస్ సెట్ చేయాలి. స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది, అది దేనికో తెలియనివాళ్లే ఎక్కువ. డిక్కీ నిండినప్పుడు దాన్ని పెంచితే లైటు కిందికి దిగుతుంది. ఒక్కడే నడిపేటప్పుడు సున్నాలో ఉంచాలి.

ఇదంతా కలిపినా మంచి కిట్ ధర కన్నా పెద్దగా ఎక్కువ కాదు. తెల్లటి మెరుపు మాత్రం రాదు. కారు షోకుగా కనపడాలన్నదే మీ కోరికైతే దానికి నా దగ్గర మందు లేదు.

ఇప్పటికే కిట్ వేయించుకున్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు. వైరు కోయకుండా బిగించి ఉంటే తీసేసి హాలోజన్ ఎక్కించడం చిన్న పనే. రంధ్రం పడ్డ రబ్బరు మూత కొత్తది కొనాలి. జె.సి. రోడ్డులో దొరుకుతుంది, కారు మోడలూ సంవత్సరమూ చెప్పి అడగండి. బ్యాలస్టు వైర్లని మీరే పీకకండి, లైటు ఆపి, బ్యాటరీ తీగ విప్పిన తర్వాతే ఎవరైనా చెయ్యి పెట్టాలి.

పండక్కి ముందురోజు రాకండి. నాలుగు రోజులు ముందుగా, చీకటి పడే వేళకి రండి, వెలుతురులో ఫోకస్ సెట్ చేయడం కుదరదు. టైర్లలో గాలి సరిగ్గా నింపుకుని, డిక్కీ ఖాళీ చేసుకుని రండి.

ఇట్లు,
కె.ఆర్. పురం నుంచి ఒక ఆటో ఎలక్ట్రీషియన్